ముందు ఊరు పట్టుకోండి: కుటుంబ చరిత్ర వెతకడం మొదలుపెట్టేవాళ్లకు

తాత పేరు అడిగితే అందరం టక్కున చెప్తాం. తాత తండ్రి పేరు కొంచెం తడుముకుని చెప్తాం. తాత వాళ్ల అమ్మ పేరు అడిగితే మాత్రం చాలా ఇళ్లలో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని ఉన్నా ఎక్కడ మొదలుపెట్టాలో అర్థంకాక, ఏదో వెబ్‌సైట్‌లో ఇంటిపేరు కొట్టి చూసి, ఏమీ రాకపోయేసరికి వదిలేస్తుంటారు. మన కుటుంబాల సంగతులు అలా ఇంటిపేరుతో వెతికితే దొరకవు. మన దగ్గర పాత కాగితాలన్నీ ఊరి వారీగానే ఉంటాయి, పెద్దవాళ్ల జ్ఞాపకాలూ అంతే. అందుకే నోట్‌బుక్‌లో ఏ మనిషి పేరు రాసినా పక్కన ఊరు రాయండి. ఊరు తెలియకపోతే అక్కడ ఖాళీ వదిలి, ముందు ఆ ఖాళీ నింపే పని చూడండి.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, పేర్లు మనల్ని దారి తప్పిస్తాయి. తాత పేరు మనవడికి పెట్టే అలవాటు వల్ల ఒకే ఇంట్లో తరం వదిలి తరం వెంకయ్యలు ఉంటారు, ఆపైన పెద వెంకయ్య, నడిపి వెంకయ్య, చిన వెంకయ్య. ఊరి దేవుడి పేరో దేవత పేరో అయితే వీధి మొత్తం అదే పేరు. ఇంటిపేరుతోనూ ఇదే చిక్కు. ఒకే ఇంటిపేరు నాలుగైదు కులాల్లో ఉంటుంది, ఒకే కులంలో సంబంధం లేని రెండు గోత్రాల్లో ఉంటుంది. ఊరి పేరే ఇంటిపేరైన వాళ్లు ఆ ఊరికి వెళ్లి చూస్తే ఆ ఇంటిపేరున్న గడప ఒక్కటీ కనపడకపోవచ్చు. అందులో వింతేమీ లేదు, ఒక ఊరు వదిలి ఇంకో ఊరికి వచ్చినవాళ్లనే కదా పాత ఊరి పేరుతో 'ఫలానా వాళ్లు' అని పిలిచేది. ఆ ఊళ్లోనే ఉండిపోయినవాళ్లను అలా పిలవాల్సిన అవసరం రాదు.

ముందు పెద్దవాళ్లు, ఆ తర్వాతే ఆఫీసులు

తహసీల్దార్ ఆఫీసులో కాగితం ఇంకో ఐదేళ్ల తర్వాతైనా తీసుకోవచ్చు. ఎనభై ఏళ్లు దాటిన నాయనమ్మ జ్ఞాపకాన్ని అలా వాయిదా వేయలేం. ఈ వారమే మొదలుపెట్టండి. ముందు అడిగి, సరేనన్నాకే ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేయండి. మాట్లాడించేది ఒక్కరినైతే మంచిది. నలుగురు కూర్చుంటే ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు దిద్దుతారు, చివరికి గట్టిగా మాట్లాడేవాళ్ల మాటే మిగులుతుంది. నా అనుభవంలో ఆడవాళ్లకే ఎక్కువ తెలుసు. మగవాళ్లు పొలాల సరిహద్దులు చెప్తారు, ఎవరి కూతుర్ని ఎక్కడికిచ్చారో, ఏ కాన్పులో ఎవరు పోయారో, ఎవరికి ఎవరు మారు పెళ్లామో చెప్పేది అమ్మమ్మలూ మేనత్తలే.

'మన వంశం గురించి చెప్పు నాయనమ్మా' అంటే 'ఏముంది నాన్నా చెప్పడానికి' అంటుంది, అక్కడితో మాట ఆగిపోతుంది. అలా కాకుండా 'నీ పెళ్లికి మగపెళ్లివాళ్లు ఏ దారిన వచ్చారు? విడిది ఎవరింట్లో ఇచ్చారు? నీ మొదటి పురుడు ఎక్కడ పోశారు?' అని అడగండి. విడిది ఎవరింట్లో అన్నదానికి జవాబుగా అప్పటిదాకా మీరు వినని ఒక బంధువు బయటికి వస్తాడు. పురుడు సంగతి ఇంకా ముఖ్యం. మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లోనే జరిగేది, కాబట్టి తాతయ్య తొలి సంతానమైతే, ఆయన పుట్టిన నమోదు ఏదైనా ఉంటే అది ఆయన పెరిగిన ఊళ్లో కాకుండా వాళ్లమ్మ పుట్టినూళ్లో ఉండే అవకాశం ఎక్కువ. తండ్రి ఊరి పంచాయతీ చుట్టూ తిరిగి 'లేదు' అనిపించుకుని వచ్చేవాళ్లలో చాలామంది వెతకాల్సింది పక్క తాలూకాలో.

ఇంట్లోకి వచ్చిన ప్రతి కోడలి పుట్టింటి పేరు, పుట్టినూరు తప్పకుండా రాసుకోండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిపోతుంది, పాత కాగితాల్లో 'ఫలానావారి భార్య' అని తప్ప ఇంకేమీ ఉండదు, రెండు తరాలు గడిచేసరికి ఆమె తరఫువాళ్లంతా మన లెక్కలోంచి పోతారు.

ఏళ్లు అడిగితే పెద్దవాళ్లు చెప్పలేరు, అందరికీ గుర్తున్న సంఘటన పక్కన పెట్టి అడిగితే చెప్తారు. కృష్ణా జిల్లావాళ్లయితే 1977 నవంబరు దివిసీమ ఉప్పెన. తెలంగాణవాళ్లయితే రజాకార్ల కాలం, 1948 సెప్టెంబరు పోలీసు చర్య. శ్రీకాకుళం, విశాఖ వైపు ఇళ్లలో రంగూన్ నుంచి జనం తిరిగొచ్చిన 1942. 'ఉప్పెన వచ్చేనాటికి నాన్నకు పెళ్లయిందా?' అంటే ఒక పదేళ్ల తేడాలోకి వచ్చేస్తాం. ఇంకా వెనకటి కథల్లో ధాత కరువు మాట వస్తే అది 1876-78 నాటిది, గుంటూరు ప్రాంతంవాళ్లు నందన కరువంటే 1832-33 నాటిది. కరువులోనే చాలా కుటుంబాలు ఊళ్లు మారాయి కాబట్టి 'కరువుకి ఇటొచ్చాం' అన్న మాట వినపడితే అక్కడ ఆగి, ఎటు నుంచి, ఎవరెవరు అని నిదానంగా అడగండి.

తిథి తెలిస్తే తేదీ దొరుకుతుంది

చాలా ఇళ్లలో చనిపోయిన తేదీ తెలియదు, తద్దినం తిథి తెలుసు. సంవత్సరం పేరు కూడా గుర్తుంటే ఇంగ్లీషు తేదీ లాగొచ్చు. మన సంవత్సరాల పేర్లు అరవై, ప్రభవతో మొదలై అక్షయతో ముగిసి మళ్లీ ప్రభవ వస్తుంది. 1867, 1927, 1987 ఉగాదులకు మొదలైనవి ప్రభవ నామ సంవత్సరాలు, అక్కడి నుంచి వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. ఉదాహరణకి ఇంట్లో 'రక్తాక్షిలో, మాఘ బహుళ పంచమి నాడు పోయారు' అంటారనుకోండి. రక్తాక్షి 1924-25లో వచ్చింది, మళ్లీ 1984-85లో వచ్చింది. పోయినాయన కొడుకు 1950ల్లో చదువుకున్నవాడైతే రెండో రక్తాక్షి అవడానికే అవకాశం ఎక్కువ, కొడుకే 1910 ప్రాంతంలో పుట్టినవాడైతే రెండిట్లో ఏదైనా కావచ్చు, ఇంకో ఆధారం చూడాలి. తర్వాత నెల చూసుకోండి. తెలుగు సంవత్సరం ఉగాదికి మొదలవుతుంది కాబట్టి మాఘం, ఫాల్గుణం వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోయి ఉంటుంది. అంటే మొదటి రక్తాక్షి మాఘం 1925లో పడుతుంది, 1924లో కాదు. కచ్చితమైన రోజు కావాలంటే పాత పంచాంగం చూడాలి, ఆ తిథులు లెక్కగట్టే సైట్లు కూడా ఇప్పుడున్నాయి.

తర్పణాలు, పిండప్రదానాలు చేసే ఇళ్లలో ఇంకో ఆధారం ఉంటుంది. తండ్రి, తాత, ముత్తాత, తల్లి, నాయనమ్మ, తాతమ్మ, అమ్మ తరఫున మళ్లీ మూడు తరాలు, ఇన్ని పేర్లు గోత్రంతో సహా చెప్పాలి. పుష్కరాలకీ మహాలయ పక్షానికీ అయితే పెద్దనాన్నలు, పినతండ్రులు, మేనత్తలు, పిల్లల్లేకుండా పోయినవాళ్లు కూడా లెక్కలోకి వస్తారు. అన్ని పేర్లు నోటికి రావు కాబట్టి ఎవరో ఒకరు కాగితం మీద రాసుకుని వెళ్తారు. దేవుడి గూట్లోనో, పాత పంచాంగంలోనో, ట్రంకుపెట్టె అడుగునో ఆ మడతలుపడ్డ కాగితం ఉందేమో వెతికించండి. ఏ ఆఫీసులోనూ దొరకని తాతమ్మ పేరు ఆ కాగితంలో ఉంటుంది. మీ ఇంటి పురోహితుణ్ణి కూడా అడగండి, కొంతమంది ఇళ్లవారీగా పేర్లు పుస్తకంలో రాసిపెట్టుకుంటారు. పెద్దవాళ్లెవరైనా గయ వెళ్లొచ్చి ఉంటే అక్కడి పండాలు, అంటే తీర్థ పురోహితులు, యాత్రికుల పేర్లు, ఊళ్లు రాసిపెట్టే పుస్తకాలు తరతరాలుగా నడుస్తున్నాయి, ఊరు పేరు సరిగ్గా చెప్పగలిగితేనే మనవాళ్ల పుట దొరుకుతుంది.

మనవాళ్లను పాడినవాళ్లు

ఇది చాలామందికి తెలియని సంగతి, తెలిసినవాళ్లూ పట్టించుకోవడం మానేశారు. తెలుగు నేల మీద అనేక కులాలకు వాళ్ల గోత్రాలు, ఇంటిపేర్లు, వంశాలు చెప్పే ఆశ్రిత కులాలు ఉన్నాయి. రెడ్లు, కమ్మలు, ఇంకొన్ని వ్యవసాయ కులాలకు పిచ్చుకగుంట్లవాళ్లు, పద్మశాలీలకు కూనపులివాళ్లు, సాధనాశూరులు, మాదిగలకు డక్కలివాళ్లు, చిందువాళ్లు, గొల్లలకు మందహెచ్చులవాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, విశ్వబ్రాహ్మణులకు రుంజవాళ్లు. వీళ్లకు ఏ ఊళ్లు ఎవరివన్న పంపకం ఉంటుంది, దానికి మిరాశీ హక్కు అంటారు. ఏళ్లకేళ్లకు ఆ ఊళ్లకే వచ్చి కుల పురాణం చెప్పి, త్యాగం అని పిలిచే కట్నం తీసుకుని వెళ్లేవాళ్లు.

వీళ్లు చెప్పేదంతా సంవత్సరాలతో సహా చరిత్ర అనుకోకండి. మొదటి భాగం కుల పురాణం, అది శివుడి దగ్గరో ఆదిమూలం దగ్గరో మొదలవుతుంది. కానీ దాని తర్వాత వచ్చే గోత్రాలు, ఇంటిపేర్లు, ఈ ఇంటిపేరువాళ్లు ఏ ఊరి నుంచి చీలి ఏ ఊళ్లకు పోయారన్న భాగం వెతికేవాళ్లకు బంగారం. భూమి లేనివాళ్లకు రెవెన్యూ రికార్డుల్లో పేరుండదు, అలాంటి కుటుంబాలకు ఈ నోటి మాటే మొదటి ఆధారం. మీ ఊరికి వచ్చేవాళ్లు ఎవరో కులపెద్దల్ని అడిగి తెలుసుకోండి, కలిసినప్పుడు వాళ్లకు రావాల్సిన కట్నం మర్యాదగా ఇచ్చి, అనుమతి తీసుకుని రికార్డు చేసుకోండి. కథ చెప్పే కుటుంబాలు తగ్గిపోతున్నాయి, పిల్లలు వేరే పనుల్లోకి వెళ్లిపోతున్నారు.

భూమి కాగితాలు

ఊరు తెలిశాక ఇక ఆఫీసు పని. మీ కుటుంబం ఏ ప్రాంతంలో ఉండేదన్న దాన్ని బట్టి అడగాల్సిన కాగితం పేరు మారుతుంది, సరైన పేరు చెప్పి అడిగితే సగం పని అయినట్టే.

తెలంగాణ అయితే 1954-55 ఖాస్రా పహాణీతో మొదలుపెట్టండి. అందులో సర్వే నంబరు వారీగా పట్టాదారు ఎవరు, అనుభవంలో ఎవరున్నారు అని రెండూ ఉంటాయి. దానికి ముందుది సేత్వార్, అంటే భూమి సర్వే చేశాక రాసిన రిజిస్టరు. మీవాళ్లు ఒకరి భూమిని కౌలుకు చేసినవాళ్లైతే 1950 కౌలుదారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదారుల రిజిస్టరు చూడండి, పట్టాదారు గడిలో లేని పేరు అక్కడ దొరకొచ్చు. నిజాం కాలపు కాగితాలు ఎక్కువగా ఉర్దూలో, ఫసలీ అనే పాత రెవెన్యూ సంవత్సరాల లెక్కలో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, 1340 ఫసలీ అంటే 1930-31. ఉర్దూ చదవగలిగే పెద్దవాళ్లు పాత పట్నాలన్నిట్లో ఉన్నారు, ఫొటో తీసి చూపించండి. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు రికార్డులున్నాయి కానీ అది మొదటి మెట్టు కాదు, ఊరు, తాలూకా, కాలం మూడూ చేతిలో పెట్టుకుని వెళ్తేనే ఉపయోగం.

కోస్తా, రాయలసీమ అయితే రీసర్వే సెటిల్మెంటు రిజిస్టరు అడగండి, ఆఫీసుల్లో ఆర్‌ఎస్‌ఆర్ అనీ డైక్లాట్ అనీ అంటారు. జమీందారీ గ్రామమైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన సెటిల్మెంటు ఫెయిర్ అడంగల్ చూడాలి. ఇనాం భూమి ఉన్న కుటుంబాలకు ఇంకా వెనక్కి దారి ఉంది. 1858లో వేసిన ఇనాం కమిషన్ ప్రతి ఇనాంనూ విచారించి రిజిస్టర్లు రాసింది, అవి ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు. మొదట ఎవరికిచ్చారు, ఇప్పుడు ఎవరి అనుభవంలో ఉంది అన్నది అందులో ఉంటుంది. ఇనాం అనగానే గుడీ అగ్రహారమే అనుకుంటాం గానీ ఊరికి సేవ చేసిన చాకలి, మంగలి, కుమ్మరి కుటుంబాలకూ ఇనాంలుండేవి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు రికార్డుల్లో చాలా భాగం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లోనే ఉంది.

కరణాలు, మునసబులు, పటేల్ పట్వారీల వ్యవస్థ 1984లో రద్దయింది. అప్పుడు రికార్డులు ఆఫీసులకు చేరాయి, అయినా కొన్ని ఊళ్లలో పాత కరణంగారి ఇంట్లో ఇప్పటికీ కట్టలు కనపడతాయి. ఆ గొలుసుకట్టు రాత మనకు ఒక పట్టాన అర్థం కాదు, పాత దస్తావేజు లేఖరులు చదివిపెడతారు.

దస్తావేజుల్లో ఆడవాళ్లు

నాకు అన్నిటికంటే ఇష్టమైన కాగితాలు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసువి. పాత విక్రయ దస్తావేజు తీసి చూడండి, మొదటి నాలుగు పంక్తుల్లోనే ఫలానా జిల్లా, ఫలానా తాలూకా, ఫలానా గ్రామ కాపురస్తులు, ఫలానావారి కుమారుడు, ఏ వృత్తి, ఏ కులం అని వరసగా ఉంటుంది. కింద సాక్షుల సంతకాలు, వేలిముద్రలు. ఆ సాక్షుల్లో బావమరుదులూ వియ్యంకులూ తరచుగా ఉంటారు, వాళ్ల పేర్లు కూడా వదలకండి.

ఎక్కువ పేర్లు ఒకేచోట దొరికేది పంపకాల దస్తావేజులో, పారీఖత్తు అనేవాళ్లు దాన్ని. అన్నదమ్ములందరూ, పోయిన అన్న కొడుకులు, కొన్నిసార్లు తల్లి, ఆమెకిచ్చే మనోవర్తి, అన్నీ ఒకే కాగితంలో. ఆడపిల్లల పేర్లు కావాలంటే పసుపు కుంకుమ కింద భూమి రాసిచ్చిన దస్తావేజులు వెతకండి, అందులో కూతురి పేరు, ఆమె భర్త పేరు, ఆమె వెళ్లిన ఊరు ఉంటాయి. పంపకాలు కోర్టుకెక్కిన కుటుంబమైతే దావా కాగితాలకు వంశవృక్షం జతచేసి ఉంటుంది. ఆ తగాదా వల్ల రెండు ఇళ్ల మధ్య మాటల్లేకపోయినా, కాగితం నకలు కోర్టులో దరఖాస్తు పెట్టి తీసుకోవచ్చు.

1983 నుంచి ఇటు లావాదేవీలకు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) ఆన్‌లైన్‌లో వస్తుంది. అంతకు ముందువాటికి ఆఫీసులో సెర్చ్ పెట్టించాలి. స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే ఒకటో పుస్తకం సూచికలు రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చు, 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ఆ హక్కు ఇస్తోంది. సూచికలు రెండు రకాలు, ఒకటి మనుషుల పేర్లతో, రెండోది ఆస్తి ఉన్న ఊరితో. మీరు రెండోది అడగండి, ఎందుకో పైన చెప్పాను.

ఇంకొన్ని చోట్లు

బడి అడ్మిషన్ రిజిస్టరు మంచి ఆధారం, అందులో పుట్టినతేదీని మాత్రం నమ్మకండి. చేర్చడానికి వచ్చిన పెద్దవాళ్లు వయసు చెప్తే హెడ్‌మాస్టరు లెక్కగట్టి వేసిన తేదీలే ఎక్కువ. సింగరేణి, రైల్వే ఉద్యోగాలు చేసినవాళ్ల సర్వీసు పుస్తకం, పింఛను కాగితాల్లో భార్యాపిల్లల పేర్లుంటాయి. పంచాయతీ పుట్టుక రిజిస్టర్లలో పేరు గడి ఖాళీగా ఉండి 'మగ శిశువు' అని మాత్రమే రాసి ఉండొచ్చు, తండ్రి పేరుతో వెతకండి. క్రైస్తవ కుటుంబాలైతే చర్చిలో బాప్తిస్మ రిజిస్టర్లు అడగాలి. గుంటూరులో లూథరన్ మిషన్ 1842లో మొదలైంది, ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో 1878 జూలైలో ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మ ఒడ్డున బాప్తిస్మం తీసుకున్నారు. మతం మారినప్పుడు పేరు కూడా మారి ఉండొచ్చు కాబట్టి పాత పేరు ఇంట్లో ఎవరికైనా తెలుసేమో ముందు అడగండి. ముస్లిం కుటుంబాలకు ఖాజీ దగ్గరి నికా పుస్తకాలు ఇలాంటివే.

అమెరికాలో 1950 జనాభా లెక్కల కాగితాలు కూడా నెట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు, మన దగ్గర ఆ దారి లేదు. 1948 సెన్సస్ చట్టం ప్రకారం ఇంటింటి వివరాలు బయటివాళ్లకు చూపించరు, దానికోసం తిరగకండి.

దక్షిణాఫ్రికా, ఫిజీ, మారిషస్ వెళ్లిన కూలీల కుటుంబాల పరిస్థితి దీనికి పూర్తిగా తలకిందులు. ఆ ఓడల్లో ఎక్కినవాళ్ల పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు అన్నీ రాసిపెట్టారు. దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు మొదటి ఓడ 1860 నవంబరులో మద్రాసు నుంచి చేరింది. మారిషస్ కాగితాలు అక్కడి మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. ఊరి పేరు ఇంగ్లీషు గుమస్తా చెవికి వినపడినట్టు రాశాడు కాబట్టి దాన్ని తెలుగులో గట్టిగా పలికి, ఆ తాలూకా ఊళ్ల జాబితాతో పోల్చి చూడాలి.

రాసిపెట్టడం

మొదట్లో నోట్‌బుక్ చాలు. మనుషులు యాభై దాటాక గ్రాంప్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లోకి మారండి, తెలుగులోనే పేర్లు ఎక్కించుకోవచ్చు. మేనమామనో, మేనబావనో చేసుకున్న పెళ్లిళ్లు మనకు మామూలే కాబట్టి ఒకే మనిషి చెట్టులో రెండు చోట్ల తేలతాడు. రెండోసారి కొత్తగా ఎక్కించకుండా మొదటి పేరుకే కలపండి. దత్తత వెళ్లినవాళ్లకు కన్నవాళ్లు, పెంచినవాళ్లు రెండూ రాయండి. ఇల్లరికం వచ్చినవాళ్ల దగ్గర ఊరు, ఒక్కోసారి పిల్లల ఇంటిపేరు కూడా మారుతుంది. చాలామంది వెతుకులాట ఈ రెండు చోట్లే ఆగిపోతుంది.

ప్రతి విషయం పక్కన ఎవరు చెప్పారు, ఏ కాగితంలో చూశారు అని రాయండి. ఇద్దరు రెండు రకాలుగా చెప్తే రెండూ ఉంచండి. బతికున్నవాళ్ల పుట్టినతేదీలు, ఎవరో చెప్పుకోవడానికి ఇష్టపడని పెళ్లి సంగతులు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. మీకు తెలియడం వేరు, అందరికీ తెలియడం వేరు.

కొంత పోగయ్యాక పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి, ఖాళీలు ఖాళీలుగానే ఉంచి, బంధువులంతా కలిసే పెళ్లికో తద్దినానికో తీసుకెళ్లండి. పెన్ను కూడా ఇవ్వండి. తప్పు కనపడితే దిద్దకుండా ఉండలేరు మనవాళ్లు, అడిగితే గుర్తురాని పేర్లు దిద్దేటప్పుడు వచ్చేస్తాయి. 2027లో గోదావరి పుష్కరాలు ఉన్నాయి, పిండప్రదానాలకు ప్రతి ఇంట్లో పేర్ల జాబితాలు మళ్లీ బయటికి తీస్తారు, అప్పుడు మీ దూరపు బంధువులందరి దగ్గరా ఆ కాగితం ఫొటో అడిగి తీసుకోండి.